14 వేలకు ఫియట్ అమ్మారంటే నమ్మండి, ఆ రోజులు నేను చూశాను

మీరు అడిగింది ఇదీ. తాతగారి 1978 మోడల్ ప్రీమియర్ పద్మినిని (మేమంతా ఫియట్ అని పిలిచే బండే) 2001లో మీ నాన్నగారు 14 వేలకు అమ్మేశారు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకాయన అలాంటి బండికే 3 లక్షల 75 వేలు చెబుతున్నాడు, అసలు అంత చవకగా అమ్మారన్న మాట నిజమేనా, ఇప్పుడు కొనొచ్చా, కొంటే ఏం చూసుకోవాలి. నేను 1973లో, పదిహేనేళ్ళ వయసులో, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరాను. మొదటి రెండేళ్ళు పానాలు అందించడం, కిరసనాయిలుతో సామాన్లు కడగడమే పని. తర్వాత అదే ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టి 2019 దాకా నడిపాను. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు, కొన్ని స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్‌లు, వీటితోనే నా జీవితమంతా గడిచింది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ లెక్కన చూస్తే ఆయన మంచి ధరకే అమ్మారు. అదే ఏడాది మా షెడ్డు ముందు నుంచి 9 వేలకు, 10 వేలకు వెళ్ళిపోయిన ఫియట్లు నాకు గుర్తున్నాయి, వాటిలో రెండు సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయ్యేవి, నడుపుకుంటూ తీసుకెళ్ళారు. 18 వేలిస్తే అంబాసిడర్ వచ్చేది, టైర్లు కొత్తవైతే ఇంకో రెండు వేలు ఎక్కువ. కొత్త మోటార్ సైకిలు ధరలో సగం పెడితే నలుగురు కూర్చునే కారు ఇంటి ముందు ఉండేది. కొనేవాళ్ళు మాత్రం లేరు. షెడ్డుకి వచ్చిన ప్రతి కస్టమర్‌నీ "మాకో ఫియట్ ఉంది, మీ ఎరుకలో ఎవరైనా తీసుకుంటారా" అని అడిగేవాళ్ళం.

అయితే పాత కార్లు ఎప్పుడూ ఇలా చవకగా లేవు, మీ వయసు వాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు. నేను పనిలో చేరేనాటికి మన దేశంలో కారంటే మూడే కంపెనీలు. బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళ ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళ బండి. ఎన్ని కార్లు తయారు చెయ్యాలో కూడా లైసెన్సులో రాసి ఉండేది. 1980 ప్రాంతంలో దేశం మొత్తానికీ ఏడాదికి ముప్పై, నలభై వేల కార్లే తయారయ్యేవి. డబ్బు కట్టి బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూసేవాళ్ళు. అందుకని రెండేళ్ళు తిరిగిన ఫియట్‌ని షోరూం ధర కంటే ఎక్కువకు అమ్మడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజుల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనడమంటే అర ఎకరం పొలం కొన్నంత పని, ఇంటిల్లిపాదీ వచ్చి చూసుకుని, కొబ్బరికాయ కొట్టి తీసుకెళ్ళేవాళ్ళు. మీ తాతగారు 1978లో పద్మిని తెచ్చారంటే ఆ ఊళ్ళో అది ఎంత పెద్ద సంగతో మీ నాన్నగారిని అడగండి, చెబుతారు.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో మారుతి 800 మొదటి తాళం ఇచ్చారు. ధర దాదాపు 50 వేలు. మాకు మొదట్లో అది బొమ్మలా కనబడింది, తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టు చప్పుడు, ఇది మన రోడ్ల మీద ఎన్నాళ్ళు నిలుస్తుందిలే అనుకున్నాం. కానీ పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అయ్యేది, చోక్ లాగి పావుగంట బతిమాలక్కర్లేదు, హ్యాండిల్ పెట్టి తిప్పక్కర్లేదు. కారు నడపడానికి డ్రైవరు ఉండి తీరాలన్న మాట దానితోనే పోయింది, ఆడవాళ్ళు సొంతంగా కారు నడపడం మా ఊళ్ళో నేను ఎక్కువగా చూసింది మారుతి వచ్చాకే. తర్వాత 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు, 1998లో శాంట్రో, ఇండికా వచ్చాయి, బ్యాంకులు పిలిచి మరీ లోన్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతే, నాలుగైదేళ్ళలో పాత బండ్ల విలువ పాతాళానికి పడిపోయింది. నా అనుభవంలో 1998 నుంచి 2008 దాకా, ఆ పదేళ్ళే మీరు అడుగుతున్న చవక రోజులు. దానికి ముందు లేవు, తర్వాతా లేవు.

ఆ రోజుల్లో కొనడం ఎంత తేలికో చెబుతాను, ఎందుకంటే ధర కంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది అదే. ఫొటోలు లేవు, యాప్‌లు లేవు. టీ కొట్టు దగ్గర ఎవరో ఒక డ్రైవరు చెప్పేవాడు, ఫలానా ఊళ్ళో డాక్టరుగారి బండి నాలుగేళ్ళుగా షెడ్డులో ఉంది, అబ్బాయి అమెరికా వెళ్ళిపోయాడు, ఆయన ఇచ్చేస్తానంటున్నాడు అని. బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. ఆ ఇంటివాళ్ళు ముందు కాఫీ ఇచ్చేవాళ్ళు, తర్వాత బండి కథంతా చెప్పేవాళ్ళు, ఏ పెళ్ళికి వెళ్ళారో, తిరుపతికి ఎన్నిసార్లు వెళ్ళారో, ఘాట్ రోడ్డులో రేడియేటర్ ఎక్కడ మరిగిందో. తర్వాత బేరం. 501 రూపాయలు బజానా ఇచ్చి, వారం తిరిగాక మిగతా డబ్బు పట్టుకెళ్ళి, పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని, సీ-బుక్కు (ఇప్పుడు ఆర్సీ అంటున్నారే, అదే) జేబులో పెట్టుకుని బండి తోలుకొచ్చేసేవాళ్ళం. చాలాసార్లు ఆ ఇల్లాలు బానెట్ మీద చెయ్యి వేసి "జాగ్రత్తగా చూసుకోండి" అనేది.

నా మొదటి సొంత కారు అలాగే వచ్చింది. 1989లో గుడివాడలో ఒక పెద్దాయన దగ్గర, 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపుల బండి, 11 వేలు. హెరాల్డ్ చూడని వాళ్ళకి చెబుతున్నాను, దాని బానెట్, ముందు రెక్కలు అన్నీ ఒకటే ముక్కగా ముందుకి తెరుచుకుంటాయి. ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు, అంత చోటు. మెకానిక్‌కి అంతకంటే సుఖమైన బండి నేను ఇంతవరకూ చూడలేదు. రాత్రి కంకిపాడు మీదుగా విజయవాడ తెచ్చుకున్నాం, నలభై పైచిలుకు కిలోమీటర్లు, ఒక హెడ్‌లైటే వెలిగింది, నా పక్కన మా ఆవిడ ఒళ్ళో మా పెద్దమ్మాయిని పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వచ్చేసరికి పదకొండయింది, అయినా వీధిలో వాళ్ళంతా లేచి వచ్చి చూశారు.

ఆ బండిని 2002లో 4,500కి తుక్కు కింద ఇచ్చేశాను.

ఎందుకిచ్చానో చెబితేనే మీ రెండో ప్రశ్నకి జవాబు అర్థమవుతుంది. హెరాల్డ్‌కి ముందు చక్రాల దగ్గర ట్రునియన్ అని ఒకటి ఉంటుంది, చక్రం తిరిగేది దాని మీదే. దానికి గేర్ ఆయిల్ పొయ్యాలి, గ్రీజు కొట్టకూడదు. ఇక్కడ అంబాసిడర్, ఫియట్‌లకు అలవాటైన చేతులు అందరూ గ్రీజు గన్ పట్టుకుని గ్రీజే కొట్టారు, లోపల మరలు అరిగి, ఒక రోజు మలుపులో చక్రం ఒరిగిపోయేది. నాకూ అదే అయింది, బెంజ్ సర్కిల్ దాటాక, నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి బతికాం. విజయవాడలో ఆ సామాను లేదు, మద్రాసులో కారు సామాన్లు అమ్మే జీపీ రోడ్డుకి మనిషిని పంపాను, అక్కడే పుదుపేటలో తుక్కు గుట్టలన్నీ వెతికించాను, దొరికింది కూడా అరిగినదే. ఎనిమిది నెలలు బండి షెడ్డు వెనక నిలబడిపోయింది, వానకి తడిసి ఫ్లోరు చిల్లులు పడింది, అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. కాటా వాళ్ళు వచ్చి కిలోల లెక్కన తూచుకుపోయారు. గ్యాస్ కట్టర్ పెట్టి బానెట్ కోస్తుంటే నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఇందులో నేను గమనించింది ఒకటుంది. ఏ కారుకైనా సామాను దొరకడం, దొరక్కపోవడం సొంతానికి వాడుకునే వాళ్ళ వల్ల జరగదు, టాక్సీల వల్ల జరుగుతుంది. హెరాల్డ్ మా ప్రాంతంలో టాక్సీగా తిరగలేదు, అందుకే దాని సామాను అన్నిటికంటే ముందు పోయింది. అంబాసిడర్ కలకత్తాలో టాక్సీ, మన ఊళ్ళలోనూ టాక్సీ, ఆపైన గవర్నమెంటు బండి. ఫియట్ బొంబాయిలో టాక్సీ. టాక్సీ రోజూ తిరుగుతుంది, రోజూ అరుగుతుంది, కాబట్టి ఎక్కడో ఒక చిన్న ఫ్యాక్టరీ వాడు క్లచ్ ప్లేట్లు, బ్రేక్ రబ్బర్లు, ముందు చక్రాలు పక్కలకి తిరగడానికి ఆధారంగా ఉండే కింగ్ పిన్‌లు తయారు చేస్తూనే ఉంటాడు. పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయినా ఆ తర్వాత పదిహేనేళ్ళు మాకు సామాను కొరత రాలేదంటే కారణం బొంబాయి టాక్సీలే. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబర్‌లో రిజిస్టర్ అయింది, టాక్సీకి ఇరవై ఏళ్ళే గడువు కాబట్టి 2023 అక్టోబర్‌తో అవన్నీ రోడ్డు మీద నుంచి వెళ్ళిపోయాయి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగింది. ఇప్పుడు దొరికే సామాను చాలావరకూ పాత స్టాకు, లేదా విప్పిన బండ్ల నుంచి తీసింది, లేదా అభిమానులు కొందరు కలిసి కొద్దికొద్దిగా చేయించుకుంటున్నది. ధరలు పెరిగాయంటే ఇదొక కారణం.

రెండో కారణం మా చేతులారా చేసుకున్నది, ఒప్పుకోవాలి. చవకగా ఉన్నప్పుడు ఆ బండ్లను మేమెవరం గౌరవించలేదు. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్లు ఎక్కించాం, దానికోసం ముందు ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు కోశాం. స్టీరింగ్ పక్కన ఉండే హ్యాండిల్ గేరు తీసేసి కింద ఫ్లోరు గేరు పెట్టాం. మార్క్ 1 అంబాసిడర్‌కి మార్క్ 4 ముఖం తగిలించాం, ఎందుకంటే కస్టమర్‌కి కొత్త మోడల్‌లా కనబడాలి. ముందు తలుపులు వెనక్కి తెరుచుకునే పాత ఫియట్‌లు, 1950ల నాటివి, నేను చిన్నప్పుడు చాలా చూశాను, వాటిని అందరూ మోటు బండి అనేవాళ్ళు, తుక్కుకి ముందు పోయినవి అవే. ఇప్పుడు అలాంటిది ఒకటి బాగున్నది దొరికితే లక్షలు పోసి ఎగరేసుకుపోతున్నారు. మా ఆటోనగర్ ఒక్కదానిలోనే ఎన్ని వందల బండ్లు కాటా ఎక్కాయో. ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం కూడా పాత షెవ్రొలే వ్యానే కదా, అది ఆయనది కాబట్టి నిలిచింది, దాని ఈడు బండ్లు ఎన్నో ఇనుప ఊచలై ఏ ఇంటి స్లాబుల్లోకో పోయాయి.

ఇక మూడో కారణం పని తెలిసిన చేతులు. ఫియట్ రెక్కకి సొట్ట పడితే వెనకాల దిమ్మ పెట్టి, సుత్తితో చిన్నగా కొట్టి, లప్పం రాయక్కర్లేకుండా తెచ్చే టింకరింగ్ మేస్త్రీలు మా రోడ్డులోనే ఆరేడుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు నాకు తెలిసి ఇద్దరు మిగిలారు, ఒకాయనకి చూపు ఆనదు. కొత్త కుర్రాళ్ళకి రెక్క మార్చడం తెలుసు, రెక్క బాగుచెయ్యడం నేర్పేవాళ్ళు లేరు. అందుకని ఈ రోజున ఒక పద్మినిని మొదటి నుంచి చివర దాకా సరిగ్గా చేయిస్తే కొన్న ధర కంటే చేయించిన ఖర్చు ఎక్కువవుతుంది. మీకు 3 లక్షల 75 వేలు చెప్పినాయన నిజంగా బాడీ పని అంతా చేయించి ఉంటే ఆ ధర అన్యాయమేమీ కాదు. రంగు మాత్రమే వేయించి అడుగుతుంటే మాత్రం సగం కూడా ఎక్కువే. ఆ రెండిటికీ తేడా ఎలా పట్టుకోవాలన్నదే అసలు విషయం.

అందరూ వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. ఇంజన్ ఆఖర్న చూడాల్సింది. ముందు కాగితాలు, తర్వాత బాడీ, ఆ తర్వాతే ఇంజన్.

కాగితాల సంగతి. నేను పైన మురిపెంగా చెప్పిన ఆ తేలిక కొనుగోళ్ళే ఇప్పుడు మీకు తలనొప్పి. సంతకాలు పెట్టిన ఫారాలు చేతులు మారుతూ పోయాయి కానీ సీ-బుక్కులో పేరు మారలేదు. 1985లో కొన్నాయన పేరే ఇంకా ఉంటుంది, ఆయన కాలం చేసి ఇరవై ఏళ్ళవుతుంది. అలాంటప్పుడు వారసుల పేరుకి ఫారం 31 మీద మార్పించి, వాళ్ళ దగ్గర నుంచి మీ పేరుకి రావాలి. వారసులు నలుగురైతే నలుగురూ ఒప్పుకోవాలి. అమ్మేవాడు "పేపర్లు తర్వాత చూసుకుందాం" అంటే లేచి వచ్చెయ్యండి, బండి ఎంత బాగున్నా సరే. సీ-బుక్కులో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మీ కళ్ళతో మీరు బండి మీద చదువుకోండి, పెయింటు ఉంటే గీకించి చదవండి. డీజిల్ ఇంజన్ ఎక్కించి, మళ్ళీ ఏదో పెట్రోల్ ఇంజన్ తెచ్చి పెట్టిన బండ్లు చాలా ఉన్నాయి, వాటి ఇంజన్ నంబరు పుస్తకంతో కలవదు. పుస్తకంలో ఉన్న రికార్డు ఆన్‌లైన్‌లో ఎక్కించారో లేదో కూడా చూడండి, పాత మూడక్షరాల నంబర్లు చాలావాటికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాల్సి వస్తుంది, దానికి ఎన్నిసార్లు తిరగాలో ముందే మనసులో అనుకుని దిగండి.

రిజిస్ట్రేషన్ గడువు అన్నిటికంటే ముఖ్యం. సొంత కారుకి మొదట పదిహేనేళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25 పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ దాకా ఈ రుసుం 600 రూపాయలే, ఆ నెల నుంచి 5 వేలయింది, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. అన్నిటికంటే బరువైంది ఆలస్య రుసుం, నెలకి 500. ఏళ్ళ తరబడి గడువు దాటి నిలబడిన బండికి ఇది ఎంతవుతుందో లెక్క వేసుకోండి, పదేళ్ళకి లెక్కగడితే 60 వేలు. మీ బండికి ఎప్పటి నుంచి, ఎన్ని నెలలు వేస్తారో బేరం ఆడకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి రండి. ఆ మొత్తం అమ్మేవాడి ధరలోంచి తగ్గించమని అడగడం మీ హక్కు.

యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. కొత్తగా చేయించుకుంటే 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5 వేలు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, పాత నంబరు సక్రమంగా ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, రిపేరుకీ తప్ప రోజూ ఆఫీసుకి తిప్పకూడదు. బండి తయారైనప్పటి రూపంలోనే ఉండాలి, ఫ్లోరు గేరు పెట్టిన బండి అక్కడ ఇబ్బంది పెడుతుంది. 1978 బండి అయితే 2028 దాకా ఆగాలి. ఆదివారాలు కుటుంబంతో తిరగాలన్నది మీ ఆశ కాబట్టి మామూలు రెన్యువలే మీకు మంచిది.

బాడీ దగ్గరికొస్తే, ఫియట్‌కీ అంబాసిడర్‌కీ లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరు, తలుపుల కింద ఉండే సిల్లులు తుప్పు పడితే మొత్తం బండి మెత్తబడిపోతుంది. ఒక చిన్న అయస్కాంతం తీసుకుని పల్చటి గుడ్డలో చుట్టి వెళ్ళండి. రెక్కల అంచుల మీద, తలుపుల కింది భాగంలో, సిల్లుల మీద జరుపుతూ పోండి, ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ లోపల రేకు లేదు, లప్పం ఉంది. కార్పెట్ ఎత్తి చూడండి, బ్యాటరీ పెట్టే పళ్ళెం కింద చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. జాకీ పెట్టి ఒక పక్క లేపినప్పుడు తలుపు తెరిచి మూయండి, బిగుసుకుపోతే బాడీ వంగుతోందని అర్థం, ఇక ఆ బండి వద్దు. కాకినాడ, బందరు, విశాఖ బండ్లు రంగు ఎంత మెరిసినా రెండుసార్లు చూడండి, ఉప్పుగాలి లోపల్నుంచి తినేస్తుంది. అనంతపురం, కర్నూలు వైపు నిలబడిపోయిన బండ్లకి సీట్లు, రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి కానీ రేకు గట్టిగా ఉంటుంది. నా మాట విని నెల రోజులు అటువైపు తిరగండి, హైదరాబాద్‌లో రంగేసి పెట్టిన బండి కంటే అక్కడ దుమ్ము పట్టిన బండి నయం.

ఇంజన్ గురించి నాకు ఆదుర్దా లేదు. 1089 సీసీ ఇంజన్, ఎవరైనా విప్పి ఎవరైనా బిగించొచ్చు. పొగ వస్తోందంటే రీబోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించొచ్చు, లేత్ పని వాళ్ళు ఇంకా ఉన్నారు. స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఉందా, నీళ్ళు మరుగుతున్నాయా అన్నది చాలు. రెండో గేరులోకి దింపేటప్పుడు గరగర వినిపిస్తే గేర్ బాక్స్ ఖర్చు లెక్కలో వేసుకోండి, సామాను దొరకడం ఇప్పుడు కష్టమయ్యేది దానికే. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ అరిగిందో లేదో తెలిసిపోతుంది. 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు, అంబాసిడర్ ఇనుప హెడ్‌లో వాల్వ్ సీట్లు దానివల్ల అరిగి లోపలికి దిగిపోతాయి, గట్టి సీట్లు వేయించుకోవాలి. ఫియట్‌ది అల్యూమినియం హెడ్, దానికి సీట్లు మొదట్నుంచే విడిగా అమర్చి ఉంటాయి కాబట్టి ఆ బాధ తక్కువ.

కానీ ఇప్పుడొచ్చిన ఇబ్బంది వేరే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత పెట్రోలు గొట్టాలు, ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఏసీ పంపులో రబ్బరు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి మెత్తబడి, ఉబ్బి, కారడం మొదలుపెడతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బండి కొన్న రోజే ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించండి, ఒక మంట ఆర్పే సిలిండరు సీటు కింద పెట్టుకోండి. నెల రోజులు కదల్చరని తెలిస్తే ట్యాంకులో పెట్రోలు దింపేసి పెట్టండి, లేదంటే తేమ చేరి ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది.

కొనొచ్చా అని అడిగారు. కొనండి. పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి, ఐదేళ్ళ తర్వాత రెట్టింపు వస్తుందని చెప్పేవాళ్ళ మాట వినకండి, నా యాభై ఏళ్ళలో ఈ ధరలు రెండుసార్లు ఎగసి ఒకసారి కుప్పకూలడం చూశాను. నెలకి ఎంతో కొంత ఖర్చు పెట్టగలిగితే, దగ్గరలో పాత బండ్లు తెలిసిన మేస్త్రీ ఉంటే, ఇంట్లో నీడ పట్టున చోటుంటే కొనండి. ఈ మూడింటిలో చోటు లేకపోతే మాత్రం ఆగండి, ఎండా వానల్లో పెట్టిన బండి ఎలా పోతుందో నా హెరాల్డ్‌ని చూసి నాకు తెలుసు.

ఇంకొక్క మాట. మీరు ఎవరిదో పద్మిని కొనబోయే ముందు మీ తాతగారి బండి కోసం ఒకసారి వెతకండి. మీ నాన్నగారు 14 వేలకు అమ్మారంటే అది అప్పటికి నడుస్తున్న బండే అయి ఉండాలి, తుక్కుకైతే అంత ఇవ్వరు. ఇంట్లో పాత ఇన్సూరెన్సు కాగితమో, ట్యాక్సు రసీదో, పెళ్ళి ఫొటోలో బండి ముందు నిలబడి దిగిన బొమ్మో తప్పకుండా ఉంటుంది, దానిలో నంబరు కనబడుతుంది. 1978 బండి కాబట్టి మూడక్షరాల నంబరే ఉంటుంది, ఏపీ 16, ఏపీ 9 లాంటివి 1989లో వచ్చాయి. ఆ నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి, దొరక్కపోతే అది మొదట రిజిస్టర్ అయిన జిల్లా ఆఫీసులో అడగండి. ఇలా వెతికి ఇద్దరికి నేను దొరికించాను, ఒకటి తెనాలి దగ్గర రైసు మిల్లులో బస్తాల వెనక ఉంది, ఇంకొకటి నూజివీడులో మామిడి తోటలో టార్పాలిన్ కింద. నంబరు దొరికితే నాకు రాయండి. మా వైపు బండి అయితే ఆటోనగర్‌లో పాత వాళ్ళు ఇంకా కొందరున్నారు, అడిగి చూస్తాను.